కార్నర్‌షాప్ రెండో ఆల్బమ్, మన పిల్లల తెలుగు

ఉగాది సంచికలో రాక్ సంగీతం మీద వ్యాసమా అని కొందరు పెద్దలు పేజీ తిప్పెయ్యబోతారని నాకు తెలుసు. పంచాంగ శ్రవణం పక్కన ఈ గిటారు గోల ఏమిటని అడిగినా అడుగుతారు. అయినా రాస్తున్నాను. మన సంఘం సమావేశం ఎప్పుడు జరిగినా, టీ తాగే వేళకు మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: "పిల్లలకి తెలుగు అబ్బడం లేదండీ, ఏం చేద్దాం?" ఈ ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో గట్టిది ఏ తెలుగు సభలోనూ వినలేదు. 1995లో ఈ ఇంగ్లండులోనే విడుదలైన ఒక రాక్ ఆల్బమ్‌లో విన్నాను. పాడినవాడు తెలుగువాడు కాదు. పంజాబీ తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన కుర్రవాడు.

బృందం పేరు కార్నర్‌షాప్. ఆల్బమ్ పేరు 'ఉమన్స్ గాటా హావ్ ఇట్'. అది వాళ్ళ రెండో ఆల్బమ్.

కార్నర్‌షాప్ అనగానే మీలో చాలామందికి 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' గుర్తుకొస్తుంది. 1997లో వచ్చిన మూడో ఆల్బమ్‌లోని ఆ పాటను నార్మన్ కుక్ తన పద్ధతిలో మళ్ళీ మలిచాడు. 1998 ఫిబ్రవరిలో అది బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆశా భోంస్లే ఎవరో తెలియని తెల్లపిల్లలు కూడా ఆమె పేరు పలికారు. మనవాళ్ళందరం ఛాతీలు విరుచుకున్నాం. పత్రికలన్నీ ఆ పాట గురించే రాశాయి. నా లెక్కలో మాత్రం అసలు మలుపు అంతకు ముందే, అంత పేరు రాని రెండో ఆల్బమ్‌లోనే వచ్చింది. ఇల్లు కట్టినప్పుడు గృహప్రవేశానికి అందరూ వస్తారు, పునాది తవ్వేరోజున ఎవరూ రారు కదా!

ఆ పునాది సంగతి కొంచెం చెప్పాలి. బృందానికి పెద్ద దిక్కు తజిందర్ సింగ్. పుట్టింది 1968లో, వుల్వర్‌హాంప్టన్‌లో. ఆ ఊరూ ఆ సంవత్సరమూ రెండూ గుర్తుంచుకోదగ్గవే. వుల్వర్‌హాంప్టన్ నైరుతి నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు వెళ్ళిన ఇనాక్ పవెల్, వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా బర్మింగ్‌హామ్‌లో ఆ పేరుమోసిన ప్రసంగం చేసింది 1968 ఏప్రిల్ 20న. అదే ఊళ్ళో బస్సు నడిపే సిక్కులు తలపాగా, గడ్డం ఉంచుకోవచ్చునా లేదా అన్న తగాదా అప్పుడు నడుస్తోంది. 1969లో గాని నగరపాలకులు దిగిరాలేదు. అలాంటి ఊళ్ళో, అలాంటి ఏడాదిలో పుట్టిన పిల్లవాడికి తన మాతృభాష మీద ఎలాంటి అభిప్రాయం ఏర్పడుతుందో మీరే ఊహించండి. ఇంట్లో మాట్లాడే భాష వీధిలో వినిపిస్తే తన్నులు పడే కాలం అది. అరవై, డెబ్భైలలో డాక్టర్లుగా వచ్చిన మన పెద్దలు కూడా బస్సులో తెలుగు మాట్లాడాల్సివస్తే గొంతు తగ్గించేవారమని చెబుతుంటారు.

బృందం మొదలైంది 1991లో, లెస్టర్‌లో. తజిందర్, అతని సోదరుడు అవతార్ సింగ్, స్నేహితుడు బెన్ ఎయర్స్, డ్రమ్ములు వాయించే డేవిడ్ ఛేంబర్స్. 1972లో ఇడీ అమీన్ ఉగాండా నుంచి భారతీయులను వెళ్ళగొట్టినప్పుడు, దయచేసి మా ఊరికి రాకండని అక్కడి పత్రికలో ప్రకటన వేయించిన నగరపాలక సంస్థ ఈ లెస్టర్‌దే. రావద్దన్నా వచ్చినవాళ్ళే ఆ ఊరికి కొత్త కళ తెచ్చారు. ఇక పేరంటారా, ఇండియావాళ్ళంటే వీధిమూల కిరాణా కొట్టు పెట్టుకునేవాళ్ళేనన్న వెక్కిరింపు ఈ దేశంలో అందరూ విన్నదే. ఆ వెక్కిరింపునే తీసుకుని తమ బోర్డు మీద రాసుకున్నారు ఈ కుర్రాళ్ళు.

వాళ్ళది ఇండీ సంగీతం అంటారు. ఇండీ అంటే ఇండియా కాదు సుమా, ఇండిపెండెంట్ అనే మాటకు పొట్టిపేరు. పెద్ద రికార్డు కంపెనీల గొడుగు కిందికి పోకుండా, చిన్న చిన్న సంస్థల ద్వారా, దొరికిన డబ్బుతో, తోచినట్టు పాటలు చేసుకునే పద్ధతి. మన పాత రోజుల లిఖిత పత్రికలు, చందాలతో నడిచిన సాహిత్య పత్రికలు గుర్తున్నవారికి ఆ వరస వెంటనే అర్థమవుతుంది. వీళ్ళ పాటలు వేసిన సంస్థ పేరు వీజా. మన చెవికి వీసాలా వినిపిస్తుంది గాని, దానికీ హైకమిషన్‌కీ సంబంధం లేదు. పడమటి లండన్‌లో టాల్బట్ రోడ్డు మీదున్న రఫ్ ట్రేడ్ రికార్డుల కొట్టులో ఆ సంస్థ పుట్టింది. ఆ కొట్టు పోస్టుకోడులోని మూడు ఒకట్లనూ 'ఐ' అక్షరాలుగా చదివితే వచ్చిన పేరే అది. పోస్టుకోడును పేరుగా పెట్టుకున్నారంటే ఎంత చిన్న వ్యవహారమో చూడండి.

మొదట్లో వీళ్ళు వాయించడం అంతంతమాత్రమే. నేను దాచిపెట్టి చెప్పడం లేదు, ఆనాటి సమీక్షకులు మొహం మీదే అన్నారు. కాని కోపం మాత్రం నిండుగా ఉండేది. 1992లో మారిస్సీ అనే ప్రసిద్ధ గాయకుడు లండన్‌లో ఫిన్స్‌బరీ పార్కు వేదిక మీద బ్రిటిష్ జెండా కప్పుకుని పాడాడు. అతని ధోరణి జాతివివక్షకు ఊతమిస్తోందని వీళ్ళు మండిపడి, అతని రికార్డు కంపెనీ ముందు అతని బొమ్మ తగలబెట్టారు. 1993లో వచ్చిన వాళ్ళ తొలి రికార్డు పేరు 'ఇన్ ద డేస్ ఆఫ్ ఫోర్డ్ కార్టీనా'. ఆ రికార్డును మామూలు నలుపులో కాకుండా కూర రంగులో అచ్చు వేయించారు! మా బట్టలు కూర వాసన వేస్తాయంటారుగా, ఇదిగో కూర, తీసుకోండి అన్నట్టు. 1994లో మొదటి ఆల్బమ్ 'హోల్డ్ ఆన్ ఇట్ హర్ట్స్' వచ్చింది. అందులోనూ అదే వేడి.

ఇదంతా నాకు ఇష్టమే. కాని ఒక్క సంగతి గమనించండి. ఇదంతా జవాబు చెప్పడం. వాడు నన్ను ఇలా అన్నాడు, నేను వాడికి అలా చెప్పాను. పాట నాదే, గొంతూ నాదే, విషయం మాత్రం వాడిది. వివక్ష చేసే అన్యాయాల్లో ఇదొకటి: మన బుర్రలో సగం జాగాను ఎదుటివాడి తిట్టుకు అద్దెకిచ్చేస్తాం.

సంగీత వ్యాపారంలో ఒక మాట ఉంది. మొదటి ఆల్బమ్ రాయడానికి పుట్టినప్పటి నుంచీ గడువు ఉంటుంది, రెండోదానికి ఏడాదే ఉంటుందని. చాలా బృందాలు అక్కడే చతికిలబడతాయి. మొదటిసారి కోపమో ప్రేమో ఏదో ఒకటి ఊపిరి సలపనివ్వక పాట కట్టిస్తుంది. రెండోసారికి అది చల్లారుతుంది. అప్పుడు లోపల ఇంకేమైనా సరుకు ఉందా అన్నది తేలుతుంది. కార్నర్‌షాప్‌కి ఆ పరీక్ష 1995లో వచ్చింది.

ఆల్బమ్ పెట్టగానే మొదట వినిపించేది '6 ఎ.ఎం. జులందర్ షేర్'. ఈ దేశంలోని పంజాబీ కుటుంబాలలో చాలా వాటికి మూలం జలంధర్ చుట్టుపక్కల పల్లెలు. మనకు గోదావరి, కృష్ణా జిల్లాలు ఎలాగో వాళ్ళకు ఆ ప్రాంతం అలాగ. పాట మొత్తం పంజాబీ. అడుగున శ్రుతి మోగుతూనే ఉంటుంది, తంబురా మోత లాగా. ఆ మాటకొస్తే తంబురానే, వాయించింది తెల్లవాడైన బెన్ ఎయర్స్. పైన ఆంటొనీ శాఫరీ సితారు. దాని మీద ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములు. కొద్ది మాటలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. మూడు నిమిషాల్లో ముగించి చేతులు దులుపుకునే పాట కాదది. భజన లాగా పట్టు బిగిస్తూ పోతుంది. చిన్నప్పుడు తెల్లవారకుండానే విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ నిద్ర లేచినవారికి ఆ మోత ఎక్కడో తగులుతుంది. భాష అర్థం కాకపోయినా ఆ వేళ అర్థమవుతుంది.

నాకు ముఖ్యంగా తోచింది ఇది: ఆ పాట ఎవరికీ జవాబు చెప్పడం లేదు. ఎవరినీ తిట్టడం లేదు. ఇది పంజాబీ, దీని అర్థం ఇది, మమ్మల్ని మన్నించండి అని అడగడం లేదు. గిటార్లు వినడానికి అలవాటుపడ్డ ఇంగ్లీషు శ్రోతను గుమ్మంలోనే పంజాబీతో పలకరించి, రా, కూర్చో అంటుంది. ఆ తర్వాత లోపల ఇంగ్లీషు పాటలున్నాయి. వాటిలో కొన్ని బాగున్నాయి, కొన్ని నాకు పట్టలేదు. రికార్డింగు కావాలనే నలిగినట్టు ఉంటుంది, మాటలు గిటార్ల అడుగున మునిగిపోతాయి, మధ్యలో కాస్త నీరసం కూడా వస్తుంది. 'వాగ్' అనే పాట ఒకటుంది. మనలాంటి రంగువాళ్ళను ఈసడించడానికి తెల్లవాళ్ళు వాడిన తిట్టు అది. కాబట్టి పాత లెక్కలు పూర్తిగా మర్చిపోయారనీ చెప్పలేం. కాని ఆ తిట్టు ఇప్పుడు గుమ్మంలో లేదు, ఇంట్లో ఒక మూలన ఉంది. గుమ్మంలో జలంధర్ ఉంది.

ఇక ఆఖరి పాట చూద్దామా అంటే మళ్ళీ అదే. పేరు మాత్రం '7.20 ఎ.ఎం. జులందర్ షేర్'. అంటే గంటా ఇరవై నిమిషాలు గడిచాయన్న మాట. ఆల్బమ్ నిడివి అంత లేదు. అది గడియారం లెక్క కాదు, ఆ పాట మనం వినని వేళల్లో కూడా ఎక్కడో సాగుతూనే ఉందని చెప్పడం. మధ్యలో ఇంగ్లీషు పాటలు వచ్చి వెళ్ళాయి, అడుగున పంజాబీ ఆగలేదు. ఈ దేశంలో పుట్టిన మన పిల్లల బుర్రలు ఎలా నడుస్తాయో దీనికన్నా బాగా చెప్పిన పాట నేను వినలేదు. స్కూల్లో, ఆఫీసులో, ఫుట్‌బాల్ మైదానంలో ఇంగ్లీషు. అడుగున అమ్మమ్మ ఫోన్‌లో మాట్లాడే తెలుగు.

ఈ ఆల్బమ్ అమెరికాలో ఎవరు విడుదల చేశారో తెలుసా? టాకింగ్ హెడ్స్ బృందపు డేవిడ్ బర్న్ స్థాపించిన లువాకా బాప్ సంస్థ. పంజాబీ పాట ముందు పెడితే ఇంగ్లీషువాళ్ళు వినరు అని భయపడి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదని నేను అనుకోను.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన పిల్లల దగ్గరున్న తెలుగు ఎన్ని రకాలో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఒకటి ఆజ్ఞల తెలుగు: తిను, పడుకో, చదువుకో, ఫోన్ కింద పెట్టు. రెండోది వేదిక తెలుగు: మూడు వారాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టిన పద్యం, పట్టుపావడా, దండం, చప్పట్లు. మొదటిది పిల్లలు వినేది, రెండోది అప్పజెప్పేది. తమకు కోపమొచ్చినా, ప్రేమ కలిగినా, నవ్వొచ్చినా వాడుకునే తెలుగు ఏదీ? దానికి మనం ఇంట్లో చోటివ్వలేదు, వేదిక మీదా ఇవ్వడం లేదు. పిల్లల్ని తెలుగు నేర్చుకోలేదని నిందిస్తాం. వాళ్ళకు తెలుగుతో చెయ్యడానికి ఏ పనీ చూపించకుండా!

పొరుగూరి తెలుగు సంఘం ఒకటి కొన్నేళ్ళ క్రితం పిల్లల పాటల పోటీ పెట్టింది. చూడడానికి వెళ్ళాను. పదిహేనేళ్ళ పిల్ల గిటారు తెచ్చుకుంది. పాట తనే కట్టింది, నాలుగు ముక్కలు తెలుగు, మిగతాది ఇంగ్లీషు. రాజమండ్రిలో వాళ్ళ తాతగారింటి మేడ మీద పడుకుని విన్న రైలు కూతల గురించి. 'మేడ' అన్న మాట ఇంగ్లీషు యాసలోనే పలికింది. అయితేనేం, ఆ పిల్లకు ఆ మాట ఇంగ్లీషులో దొరకలేదు కాబట్టే తెలుగులో పలికింది. భాష బతికి ఉండడమంటే అదే కదా. న్యాయనిర్ణేతలు మాత్రం "ళ పలకడం రాలేదమ్మా, పైగా ఇది సంప్రదాయ విభాగం కిందికి రాదు, సినిమా విభాగం కిందికీ రాదు" అని మార్కులు వెయ్యకుండా వదిలేశారు. బహుమతి స్పష్టంగా అప్పజెప్పిన ఇంకో పిల్లకు వెళ్ళింది. ఆ పిల్ల మీద నాకే కోపమూ లేదు. కాని ఆ రోజు హాల్లో తెలుగు అవసరమైనది ఒక్క గిటారు పిల్లకే. ఆమెను మనం మెట్లు దింపి పంపించాం. మళ్ళీ ఏ తెలుగు కార్యక్రమంలోనూ ఆమె నాకు కనిపించలేదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మొదటిది: పంజాబీలతో మనకు పోలికేమిటి, వాళ్ళు లక్షల్లో ఉన్నారు, గురుద్వారాలున్నాయి, భాంగ్రా ఉంది, వీధిలో వినబడే భాష వాళ్ళది అని. నిజమే. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి పంజాబీ తమ ప్రధాన భాష అని చెప్పినవారు సుమారు 2,91,000 మంది. మనం అందులో చిన్న భాగానికి కూడా సరిపోం. అందుకే నేను ముందు ఇంటినే తప్పుబడతాను. పాటలో వాడుకునే తెలుగు పిల్లల నోటికి రావాలంటే ఇంట్లో ఆజ్ఞలు కాని తెలుగు వినబడాలి. కబుర్లు, వెటకారాలు, పక్కింటివాళ్ళ మీద చాడీలతో సహా. (చాడీలు చెప్పుకోవడానికి తెలుగంత అనువైన భాష ఇంకొకటి ఉందా?) ఇంట్లో ఆ మాత్రం ఉంటే సంఖ్య తక్కువైనా నడుస్తుంది. లేకపోతే గురుద్వారాలున్నా నడవదు. అయినా కార్నర్‌షాప్ చేసింది భాంగ్రా కాదని గుర్తుంచుకోండి. పెళ్ళిళ్ళలో ఆడే భాంగ్రా అప్పటికే ఇక్కడ జోరుగా ఉంది. వీళ్ళు దాన్ని పట్టుకుని ఉంటే సులువుగా నాలుగు డబ్బులు వచ్చేవి. వీళ్ళు పట్టుకున్నది తమ ఈడు తెల్లపిల్లలు వాయించే గిటారే. పెళ్ళివాళ్ళూ పిలవరు, రాక్ క్లబ్బులవాళ్ళూ మొదట అనుమానంగానే చూస్తారు. రెండింటికీ చెడే ప్రమాదం తెలిసే అటు వెళ్ళారు.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది: సంప్రదాయం ఏం కావాలండీ? పిల్లలు అన్నమయ్య కీర్తనలు మానేసి గిటార్లు మీటుతూ కూర్చుంటారా?

అన్నమయ్య పేరెత్తారు కాబట్టి చెబుతాను. పదిహేనో శతాబ్దపు ఆ పదాలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఇవాళ మన అమ్మాయిలు పాడే బాణీలలో అధిక భాగం 1950ల తర్వాతివి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలుపెట్టారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కొనసాగించారు. వాళ్ళు కొత్త బాణీ కట్టడానికి సాహసించారు కాబట్టి మనకు ఈరోజు అన్నమయ్య గొంతులో ఉన్నాడు. లేకపోతే రేకుల మీదే ఉండేవాడు. ఫిడేలు సంగతి సరేసరి. యూరపు నుంచి వచ్చిన ఆ వాయిద్యం విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో ఎంత తెలుగుదయిందో పెద్దలకు నేను చెప్పాలా!

అంతదూరం ఎందుకు, పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్‌ని తలచుకోండి. తజిందర్ కంటే ఒక్క ఏడాది చిన్న. కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయిస్తానని ఆ పసివాడు మద్రాసు సభలకు వచ్చినప్పుడు, ఇది గిటారు పిల్లకాయలా ఉంది, దీని మీద గమకాలేమిటని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. తర్వాత వాళ్ళే ముందు వరసలో కూర్చున్నారు. 1995లో, కార్నర్‌షాప్ రెండో ఆల్బమ్ వచ్చిన ఆ సంవత్సరంలోనే, శ్రీనివాస్ కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' అనే ఆల్బమ్ కూడా విడుదలైంది. విడుదల చేసింది విల్ట్‌షైర్‌లో పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ. ఈ దేశంలోనే, ఒకే ఏడాదిలో రెండు ఆల్బమ్‌లు: ఒకదానిలో వుల్వర్‌హాంప్టన్ పంజాబీ తన గిటార్ల మధ్యలోకి సితారునీ తంబురానీ పిలిచాడు, ఇంకోదానిలో పాలకొల్లు తెలుగువాడు కరెంటు తీగల వాయిద్యంతో పడమటి సంగీతం ఇంటికి వెళ్ళాడు. శ్రీనివాస్ 2014లో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. మన సంఘాలలో ఆయన పేరు మీద సంతాప సభలు పెట్టుకున్నాం. ఆయన పద్ధతిలో ఆలోచించిన కార్యక్రమం ఒక్కటి పెట్టామా?

కాబట్టి సంప్రదాయానికి గిటారు శత్రువని నేను ఒప్పుకోను. సంప్రదాయం నేర్చుకునే పిల్లలు నేర్చుకుంటారు, వాళ్ళకు కార్యక్రమంలో రెండు గంటలు ఉండనే ఉన్నాయి. నేను అడిగేది మిగతా పిల్లల గురించి. వాళ్ళు పదమూడేళ్ళు రాగానే మన కార్యక్రమాలకు రావడం మానేస్తున్నారు. వచ్చినా కార్లో కూర్చుంటున్నారు.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. మనకు దేన్నయినా పోటీగా మార్చేసే జబ్బు ఉంది. రేపు నేను చెప్పింది విని ఉత్తమ తెలుగు రాక్ గీతం, ద్వితీయ బహుమతి, తల్లిదండ్రుల చేతుల మీదుగా జ్ఞాపిక అని మొదలుపెడితే పిల్లలు ఆ క్షణమే పారిపోతారు. వాళ్ళ పాట మనకు నచ్చకపోవచ్చు. అందులో మన మీదే వెక్కిరింపు ఉండొచ్చు. ఉండాలి కూడా. అమ్మా నాన్నలను తెలుగులో వెక్కిరించగలిగిన పిల్లవాడికి తెలుగు వచ్చినట్టే లెక్క.

రెండో ఆల్బమ్‌తో మొదలైనది కార్నర్‌షాప్ దగ్గర ఆగిపోలేదు. మూడో ఆల్బమ్‌లో బీటిల్స్ వారి 'నార్వీజియన్ వుడ్'ను పంజాబీలో పాడారు. సితారును ఇండియా నుంచి అరువు తెచ్చుకుని బీటిల్స్ చేసిన పాట కదా, దాన్ని వడ్డీతో సహా తిరిగి తెచ్చుకున్నట్టయింది. 2011లో బబ్లీ కౌర్ అనే గాయనితో ఏకంగా పంజాబీ ఆల్బమే చేశారు. 2020లో కూడా 'ఇంగ్లండ్ ఈజ్ ఎ గార్డెన్' అని ఇంకొకటి వచ్చింది. కోపం మీద నడిచే బృందమైతే పాతికేళ్ళు నడవదు. ఇటు హైదరాబాదులో చౌరస్తా బృందం కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని వాడుక తెలుగులో పాడితే జనం నోళ్ళలో పాటలు నిలిచాయి. కాబట్టి తెలుగు రాక్‌కు పనికిరాదన్న వాదన కూడా నిలబడదు. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఉన్న భాష మనది, డ్రమ్ముల మీద ఎంత బాగా పడుతుందో ఒకసారి మీ పిల్లల్నే అడగండి.

వీలైతే ఈ ఆల్బమ్ సంపాదించి వినండి. కారులో, పిల్లలు పక్కన ఉన్నప్పుడు పెట్టండి. మొదటి పాటకే ఇదేం గోల అని ఆపెయ్యకండి, ఆ శ్రుతి పట్టుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వాళ్ళు ఇంగ్లీషులో ఏదో అంటారు, అననివ్వండి.

వచ్చే దీపావళి కార్యక్రమంలో ఇరవై నిమిషాలు ఇవ్వమని మన కమిటీకి ఉత్తరం రాశాను. పన్నెండేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు, తామే కట్టిన పాటలు, తెలుగు ఎంత ఉంటే అంత. మార్కులు లేవు, బహుమతులు లేవు, పాటకు ముందు పెద్దల ఉపన్యాసం లేదు. ఇప్పటికి ముగ్గురు పిల్లలు పేర్లిచ్చారు. వాళ్ళలో ఒకరికి డ్రమ్ములున్నాయి గాని, వాళ్ళ నాన్నగారి కారులో పట్టవట. వ్యాను ఉన్న సభ్యులు ఎవరైనా ఉంటే దయచేసి కార్యదర్శిగారికి తెలియజేయండి.